కొత్త ఫోర్ బై ఫోర్ కొన్నారా? ముందు మైలేజీ సంగతి చూడండి, సామాన్లు తర్వాత

నాలుగు చక్రాలకూ పవర్ పోయే ఫోర్ బై ఫోర్ బండి ఏదైనా సరే, థార్ అయినా, జిమ్నీ అయినా, గూర్ఖా అయినా, షోరూమ్ నుంచి బండి ఇంటికొచ్చిన వారంలోపే రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. చుట్టాలేమో "ఎంత ఇస్తోంది?" అంటారు, దోస్తులేమో "ఏమేం పెట్టిస్తున్నవ్ భాయ్, టైర్లు మారుస్తున్నవా?" అంటారు. ఈ రెండు ప్రశ్నలకూ ఒకదానితో ఒకటి పొసగదు, అసలు చిక్కంతా అక్కడే. పెద్ద టైర్లు, పైన క్యారియర్, ముందు ఇనుప బంపర్, వెనక నిచ్చెన, ఇలా బండికి తగిలించిన ప్రతి సామానూ తన వాటా డీజిల్ తాను తాగుతుంది, మీరు మట్టి దారి ఎక్కినా ఎక్కకపోయినా. అందుకని వరస ముఖ్యం. పైసా ఖర్చు లేకుండా మైలేజీ ఎంత రాబట్టొచ్చో ముందు చూసుకోండి, ఆ తర్వాత మైలేజీని తినని సామాన్లు కొనండి, తినేవి ఆఖర్న, అవీ నిజంగా అవసరపడితేనే. వారమంతా మియాపూర్ నుంచి గచ్చిబౌలి ట్రాఫిక్‌లో నలిగి, ఆదివారం వికారాబాద్ వైపు పోయే హైదరాబాద్ బండ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

అసలు ఎంత ఆశించొచ్చు?

ఇవి డబ్బా ఆకారం బండ్లు. ముందు అద్దం నిటారుగా ఉంటుంది, కింద ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు పవర్ పంచే గేరు పెట్టె), ముందు చక్రాలకూ పవర్ పంపే ఇరుసు, లాడర్ ఛాసిస్ (నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం), ఇంత బరువు ఎప్పుడూ మోస్తూనే ఉంటాయి. స్విఫ్ట్‌తో పోల్చుకుని బాధపడితే లాభం లేదు. ఐదు డోర్ల జిమ్నీ మాన్యువల్‌కు కంపెనీ చెప్పే లెక్క లీటరుకు 16.94 కిలోమీటర్లు, ఆటోమేటిక్‌కు 16.39. అది ల్యాబ్‌లో ఒక పద్ధతి ప్రకారం నడిపి తీసిన లెక్క, బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరున్నరకు తీసింది కాదు. రోడ్డు మీద అంతకంటే తగ్గుతుంది, ఎవరికైనా.

అయితే ఉన్నదానికి లీటరుకు కిలోమీటరో ఒకటిన్నరో కలపడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. అదేమంత గొప్ప అనుకోకండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు 10 వస్తే 1,200 లీటర్లు పడుతుంది. అదే 11.5 వస్తే 1,043 లీటర్లు చాలు. లీటరు నూరు రూపాయలని వేసుకున్నా ఏడాదికి పదిహేను వేల పైచిలుకు మిగులుతుంది. ఈ మిగిలిన డబ్బుతోనే సామాన్లు కొనుక్కోవచ్చు, ఇంట్లో కూడా గొడవ ఉండదు.

మొదటి పని: లెక్క పట్టడం

డాష్‌బోర్డు మీద కనిపించే యావరేజీని నమ్మొద్దు, చాలా బండ్లలో అది ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. ట్యాంక్ టు ట్యాంక్ పద్ధతే సరైనది. ఒక బంకులో ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ కొట్టించి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. ఆటో కట్ పడ్డాక బంకు కుర్రాడు "రౌండ్ ఫిగర్ చేస్తా సార్" అని ఇంకా కొడుతుంటాడు, అక్కడే ఆపించండి, లేదంటే లెక్క మొత్తం తప్పుతుంది. ట్యాంకులో పావు వంతు మిగిలేదాకా తిరిగి, అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర మళ్లీ ఆటో కట్ వరకు కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అదే మీ అసలు మైలేజీ.

ఒక్కసారి లెక్కతో తీర్పు చెప్పేయకండి. కనీసం మూడు నాలుగు ట్యాంకులు చూసి, సిటీ ఎంత, హైవే ఎంత అని ఫోన్‌లో విడివిడిగా రాసుకోండి. ఈ అంకె చేతిలో లేకుండా ఏ సామాను కొన్నా దానివల్ల ఎంత పోయిందో మీకు ఎప్పటికీ తెలియదు. ఇంకో సంగతి, ఇంజిన్ కొత్తగా ఉన్నప్పుడు లోపలి భాగాలు ఇంకా సర్దుకోవు కాబట్టి మొదటి కొన్ని వేల కిలోమీటర్ల మైలేజీ చూసి కంగారు పడొద్దు. ఆ రోజుల్లో ఒకే స్పీడులో గంటలకొద్దీ లాగించకుండా, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మరీ పైకి పోనివ్వకుండా నడపండి, పెద్ద బరువులు లాగొద్దు. మొదటి సర్వీస్ అయ్యేదాకా బండికి ఏ సామానూ పెట్టించొద్దనే నా సలహా. ఏదైనా శబ్దమో వణుకో వస్తే అది కంపెనీ లోపమా, మనం పెట్టించిన దాని పుణ్యమా అన్నది అప్పుడే తేలిగ్గా తేలుతుంది.

గాలి

పంక్చర్ షాపులో బండి ఆపగానే కుర్రాడు టైరు వైపు ఒకసారి, మీ వైపు ఒకసారి చూసి "పెద్ద బండి కదన్నా, నలభై కొట్టనా?" అంటాడు. "వద్దు తమ్మీ, డోర్ మీద రాసినంతే కొట్టు" అనండి. డ్రైవర్ డోర్ తీస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది, ముందు టైర్లకు ఎంత, వెనక వాటికి ఎంత, నిండా మనుషులుంటే ఎంత అని విడిగా రాసి ఉంటుంది. ఆ అంకె చల్లగా ఉన్న టైరుకు. పది కిలోమీటర్లు ఎండలో తిరిగొచ్చాక చూస్తే రెండు మూడు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ కనిపించడం మామూలే, అది చూసి గాలి తీయించారంటే పొద్దున్నకు తక్కువైపోతుంది.

గాలి తక్కువైతే టైరు కింద నలిగి, తిరగడానికే బలం ఎక్కువ కావాలి. అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ లెక్కల్లో నాలుగు టైర్లలో సగటున ఒక్క పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం దాకా తగ్గుతుంది. చిన్నదిగా అనిపిస్తుంది గానీ మన టైర్లలో ఆరేడు పీఎస్ఐ తక్కువ ఉండగా తిరిగేవాళ్లు బోలెడుమంది. అలాగని ఎక్కువ కొట్టించినా మైలేజీ వస్తుందిలే అనుకోవద్దు, టైరు మధ్యలోనే అరుగుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు దూరం పెరుగుతుంది, హైదరాబాద్ గుంతల్లో నడుము సంగతి చెప్పనే అక్కర్లేదు. నైట్రోజన్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా కొడితే కొట్టించుకోండి, మైలేజీ కోసమైతే అక్కర్లేదు.

రాణిగంజ్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఒక మంచి గేజీ కొనుక్కుని ఇంట్లోనే పొద్దున్నే చూసుకోవడం అన్నిటికంటే మేలు. పదిహేను రోజులకోసారి చాలు, స్టెప్నీతో సహా.

కాలు

మైలేజీలో సగం సంగతి కుడి కాలు దగ్గరే ఉంది. గాలి అడ్డు స్పీడుతో పాటు సమానంగా పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. అంటే 80 నుంచి 100కి పోతే గాలి తోసే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 120కి పోతే రెండుంపావు రెట్లు. కారులో ఇది అంతగా తెలియదు, డబ్బా బండిలో బాగా తెలుస్తుంది. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ (నగరం చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) మీద మొదటి రెండు లేన్లలో 120 దాకా పోవచ్చని 2023లో పెంచారు, నిజమే, కానీ అది పరిమితి, అంత స్పీడులో పోయి తీరాలని ఎక్కడా లేదు. శంషాబాద్ నుంచి పటాన్‌చెరుకు 85-90లో మూడో లేన్‌కు దగ్గరగా స్థిరంగా పోండి, లేన్‌కు రాసిన స్పీడు బోర్డు చూసుకుంటూ, ఒక ట్యాంకు అలా నడిపి చూడండి. తేడా మీకే కనిపిస్తుంది. ఇంటికి చేరడం కొద్ది నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.

సిటీలో లెక్క వేరు. ఇక్కడ మనల్ని ముంచేది పదేపదే ఆగి లాగడం. ముందు సిగ్నల్ ఎర్రగా కనిపిస్తుంటే అక్కడిదాకా యాక్సిలరేటర్ తొక్కి బ్రేకు కొట్టడం దేనికి, కాలు తీసేసి గేరులోనే జారనివ్వండి. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండగా కాలు తీస్తే ఇంజెక్టర్లు ఇంధనం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో వేస్తే మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొంత కాల్చాల్సిందే. కాబట్టి జూబ్లీహిల్స్ నుంచి దిగేటప్పుడు, ఫిలింనగర్ వాలులో, ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసి "ఆదా చేస్తున్నా" అనుకునే అలవాటు మానేయండి. అది ఆదా కాకపోగా, రెండున్నర టన్నుల దాకా తూగే బండిని బ్రేకుల మీదే వదిలేయడం.

గేరు ఎప్పుడు మార్చాలన్నది ఇంజిన్‌ని బట్టి. థార్ 2.2 డీజిల్‌లో అసలు బలం 1,600 నుంచి 2,800 ఆర్‌పీఎం మధ్య ఉంటుంది. 1,800-2,000 దగ్గర మార్చుకుంటూ పోతే హాయిగా లాగుతుంది. అదే జిమ్నీ పెట్రోల్ ఇంజిన్‌కు పూర్తి టార్క్ (లాగే బలం) 4,000 దగ్గర గానీ రాదు, దాన్ని డీజిల్‌లా కింది ఆర్‌పీఎంలో నొక్కితే మూలుగుతుంది, మీరు ఇంకా తొక్కుతారు, ఇంధనం ఇంకా పోతుంది. ఐదో గేరులో వణుకుతూ పోవడం పొదుపు కాదు.

ఇక నిలబెట్టి ఏసీ వేసుకుని కూర్చోవడం. పిల్లల స్కూల్ గేటు ముందు, పార్సిల్ కోసం బిర్యానీ హోటల్ ముందు. రెండు లీటర్ల ఇంజిన్ అలా గంట నడిస్తే ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా పోవచ్చు, కిలోమీటరు కూడా కదలకుండా. పొద్దున స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు వేడెక్కించే అలవాటు కూడా పాత బండ్ల నాటిది. అర నిమిషం చాలు, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే అదే వేడెక్కుతుంది.

డీజిల్ వాళ్లకు ఒకటి, పెట్రోల్ వాళ్లకు ఒకటి

బీఎస్6, అంటే ఇప్పటి కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది నిండాక బండి అదనంగా డీజిల్ కాల్చి, ఆ వేడితో మసిని తగలబెట్టుకుంటుంది. అప్పుడు ఐడిల్ ఆర్‌పీఎం కాస్త పైన ఉంటుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, మైలేజీ హఠాత్తుగా పడిపోయినట్టు కనిపిస్తుంది. అది జబ్బు కాదు. మధ్యలో ఇంజిన్ ఆపేస్తే మాత్రం పని సగంలో ఆగి, మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. వారానికోసారి అరగంట పాటు ఓఆర్ఆర్ మీదో ముంబై హైవే మీదో ఆగకుండా నడపండి, ఫిల్టర్ శుభ్రపడుతుంది. నిజం చెప్పాలంటే రోజూ ఇంటి నుంచి కూరగాయల మార్కెట్ వరకే తిరిగేవాళ్లు డీజిల్ కొనకపోవడమే మంచిది.

పెట్రోల్ విషయంలో, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే మూడింట రెండు వంతులే, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. ఈ20కి తగ్గట్టు సర్దిన కార్లలో 1-2 శాతం, మిగతా వాటిలో 3-6 శాతం తగ్గుతుందని 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖే చెప్పింది. దీనికి విరుగుడని బంకుల్లో అమ్మే చిన్న సీసాలు కొనొద్దు. ఇంధన పైపుకి బిగించే అయస్కాంతాలు, సిగరెట్ సాకెట్‌లో గుచ్చే "ఫ్యూయల్ సేవర్లు" కూడా అంతే, వాటిలో ఒక లైటు తప్ప ఏమీ ఉండదు.

ఇంజిన్ ఆయిల్ హ్యాండ్‌బుక్‌లో రాసిన గ్రేడే వేయించండి. "ఆఫ్‌రోడ్ కదా, చిక్కటిది వేద్దాం" అనే మెకానిక్ మాట వింటే ఇంజిన్ తిరగడమే బరువవుతుంది.

ఫోర్ హై లివర్

మన దగ్గర అమ్ముడయ్యే థార్, జిమ్నీ, గూర్ఖాలు పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌లు. ఫోర్ హై వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకదానికొకటి లాక్ అయిపోతాయి, మధ్యలో డిఫరెన్షియల్ (రెండు వైపులనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) ఉండదు. మలుపులో ముందు చక్రాలు కాస్త ఎక్కువ దూరం తిరగాలి, మట్టిలో అయితే అవి జారి సర్దుకుంటాయి, తారు రోడ్డు మీద ఆ అవకాశం లేక లోపల గేర్లూ షాఫ్టులూ మెలిపడి బిగుసుకుంటాయి. మైలేజీ పోవడం ఒకటైతే, ట్రాన్స్‌ఫర్ కేసుకు దెబ్బ రెండోది. వాన పడింది కదా అని పంజగుట్టలో ఫోర్ హై వేసుకుని తిరగొద్దు, తడిసినా అది తారు రోడ్డే. మామూలు రోజుల్లో వెనక చక్రాలకే పవర్ పోయే టూ హైలోనే ఉంచండి. నెలకోసారి ఏదైనా మట్టి దారిలో కొద్దిదూరం ఫోర్ హైలో నడిపితే లోపల ఆయిల్ తిరిగి, అవసరమైనప్పుడు లివర్ మొరాయించదు.

ట్రాన్స్‌ఫర్ లివర్ న్యూట్రల్‌లో ఉంటే బండి గేరులో ఉన్నా, ఆటోమేటిక్ పార్క్‌లో ఉన్నా దొర్లిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా దిగొద్దు. ఇది మైలేజీ విషయం కాదు గానీ చెప్పకుండా ఉండలేను.

బరువు, పైకప్పు

అదే అమెరికా లెక్కల్లో 45 కిలోల అదనపు బరువుకు మైలేజీ దాదాపు ఒక శాతం పడుతుంది. పైకప్పు మీద పెద్ద పెట్టె పెడితే గంటకు 105-120 కిలోమీటర్ల స్పీడులో నష్టం 10 నుంచి 25 శాతం దాకా పోవచ్చు. మన క్యారియర్లు అంత పెద్దవి కాకపోవచ్చు, కానీ ఏడాదంతా ఖాళీగా గాలిని చీలుస్తూ తిరగడానికి ఎందుకు? విప్పదీసే రకం కొని, ప్రయాణం ఉన్నప్పుడే బిగించండి. జెర్రీ క్యాన్ హైదరాబాద్‌లో అలంకారం మాత్రమే, వికారాబాద్ వెళ్లే దారిలో బంకులకు కొదవ లేదు.

ఇప్పుడు సామాన్లు: దిగబడితే బయటికి లాగేవి ముందు

మొదట కొనాల్సింది టైర్లు కాదు, లైట్లు అసలే కాదు. బురదలో దిగబడినప్పుడు పనికొచ్చే సంచీ. సాగే గుణమున్న కైనెటిక్ తాడు, రెండు సాఫ్ట్ షాకిళ్లు (తాడును బండి హుక్‌కు కలిపే మెత్తటి ముడులు), మడిచే పార, మందమైన గ్లవ్స్, బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే ఎయిర్ కంప్రెసర్, గాలి గేజీ. పది కిలోలు దాటదు, అవసరం లేని వారం ఇంట్లోనే పెట్టొచ్చు, మైలేజీకి నష్టం సున్నా. కంప్రెసర్ విషయంలో పీనాసితనం వద్దు. సిగరెట్ సాకెట్‌లో పెట్టే చౌక రకం నాలుగు పెద్ద టైర్లు నింపేలోగా వేడెక్కి ఆగిపోతుంది.

బండికి ముందు, వెనక లాగే హుక్ ఎక్కడుందో కొన్న రోజే వంగి చూసి పెట్టుకోండి. లారీలో ఎక్కించేటప్పుడు కట్టడానికి ఇచ్చిన సన్నటి కొక్కేలు కొన్ని బండ్లకు ఉంటాయి, వాటికి తాడు వేసి లాగితే ఊడి తుపాకి గుండులా వస్తాయి. బంతి ఉన్న ట్రెయిలర్ హిచ్‌కు కూడా తాడు వేయొద్దు. లాగేటప్పుడు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల ఎవరూ నిలబడకుండా చూడండి. మన దగ్గర ఊళ్లో పదిమంది గుమిగూడి వీడియో తీస్తారు, వాళ్లను దూరం పంపడమే పెద్ద పని.

హైదరాబాద్ చుట్టుపక్కల నేల సంగతి కూడా తెలియాలి. నగరం చుట్టూ ఎక్కువగా చెల్క నేల, బండరాళ్లు. వాన పడినా త్వరగా ఇంకిపోతుంది, పట్టు ఉంటుంది. వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్లరేగడి తగిలిందంటే ఆట మారిపోతుంది. ఒక్క వానకే టైరు గాడులన్నీ నిండి, టైరు నున్నగా అయిపోతుంది, ఆపైన ఏ టైరైనా ఒకటే. అన్నిటికంటే మోసకారి చెరువు శిఖం. వేసవిలో నీళ్లు వెనక్కి పోయి, పైన పగుళ్లిచ్చిన ఎండు మట్టి కనిపిస్తుంది, జానెడు కింద మెత్తటి ఒండ్రు. దిగి నడిచి, మడమతో గట్టిగా తొక్కి చూడకుండా బండి దించొద్దు. అడవి శాఖ భూముల్లోకి అనుమతి లేకుండా పోవడం నేరం, అది అనంతగిరి అయినా నర్సాపూర్ అయినా.

దిగబడ్డారనుకోండి. తొక్కడం ఆపండి, చక్రం తిరిగినకొద్దీ గుంత లోతవుతుంది. కిందకు దిగి ఇరుసు మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గుండు నేలకు ఆనిందేమో చూడండి. ఆనితే దాని కిందా, చక్రాల ముందూ మట్టి తవ్వేయండి. టైర్లలో గాలి 18-20 పీఎస్ఐకి దించండి, టైరు పరచుకుని పట్టు దొరుకుతుంది. స్టీరింగ్ తిన్నగా పెట్టి, 4L (ఫోర్ లో, అంటే నాలుగు చక్రాలకూ తక్కువ స్పీడు, ఎక్కువ బలం), రెండో గేరు, యాక్సిలరేటర్ సుతారంగా. చాలాసార్లు ఇంతే, విన్చ్ (తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు) దాకా పోదు. బయటపడ్డాక గాలి నింపకుండా హైవే ఎక్కారంటే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది, అందుకే కంప్రెసర్.

తర్వాత కింద రక్షణ. మీ బండికి కింద ఏ పలకలు ఇప్పటికే ఉన్నాయో లిఫ్ట్ మీద ఎక్కించి చూశాకే కొనండి. ఆయిల్ సంప్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ఈ మూడూ కప్పుకుంటే చాలు. ఆయిల్ విప్పడానికి రంధ్రం ఉన్న పలక తీసుకోండి, లేకపోతే ప్రతి సర్వీసుకూ పలక మొత్తం విప్పాలి.

టైర్లు

ఇక్కడే ఎక్కువ మంది డబ్బూ మైలేజీ రెండూ పోగొట్టుకుంటారు. కంపెనీ టైర్లు అరిగేదాకా వాడండి, ఆ తర్వాత కావాలంటే తారుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ వేయించండి. బురద కోసం చేసిన మడ్ టెరైన్ టైర్లు చూడ్డానికి గంభీరంగా ఉంటాయి, కానీ బరువు, హోరు, తడి తారు మీద పట్టు తక్కువ. వారంలో ఆరు రోజులు తారు మీద తిరిగేవాళ్లకు అవి దండగ.

సైజు పెంచితే లెక్కలన్నీ మారతాయి. జిమ్నీ అసలు సైజు 195/80 ఆర్15, బయటి వ్యాసం 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే 703, తేడా ఒకటిన్నర శాతమే, బండికి తెలియదు. 235/75 ఆర్15 వేస్తే 733, దాదాపు ఆరు శాతం పెద్దది. అప్పుడు మీటరు 100 చూపిస్తే నిజానికి 106 కిలోమీటర్లు తిరిగినట్టు. "టైర్లు మార్చాక మైలేజీ పడిపోయింది" అనే గగ్గోలులో కొంత ఈ లెక్క తేడానే, మిగతాది మాత్రం నిజమైన నష్టం. ఎందుకంటే పెద్ద, బరువైన చక్రాన్ని తిప్పడానికి ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజిన్ ఎక్కువ కష్టపడాలి. స్పీడోమీటరు కూడా తక్కువ చూపిస్తుంది, కెమెరా చలాన్లు పడేది అసలు స్పీడుకే. మీ మోడల్‌లోనే వేరే వేరియంట్లకు కంపెనీ ఇచ్చిన సైజుల్లో ఉంటే అన్ని విధాలా క్షేమం. నాలుగూ ఒకేసారి ఒకే రకం మార్చండి, ఫోర్ హైలో వ్యాసం తేడా ఉన్న చక్రాలు ఇరుసులను చంపేస్తాయి.

సస్పెన్షన్ లిఫ్ట్ గురించి పెద్దగా చెప్పను. కింద నిజంగా తగులుతుంటే తప్ప అవసరం లేదు. ఎత్తు పెరిగితే గాలి అడ్డు, ఒరిగే గుణం, షాఫ్టుల వంపు అన్నీ పెరుగుతాయి. స్నార్కెల్ (ఇంజిన్‌కు గాలిని పైనుంచి లాగే గొట్టం) పెట్టుకుంటే నగరంలో మునిగిన అండర్‌పాసులు దాటొచ్చని అనుకోవద్దు, అక్కడ నీళ్ల కింద తెరిచిన మ్యాన్‌హోల్ ఉందో లేదో స్నార్కెల్ చెప్పదు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు, సిలిండర్‌లోకి నీరు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

చట్టం, ఇన్సూరెన్స్, వైరింగ్

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్వరూపం నుంచి బండిని మార్చడానికి వీల్లేదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. ముందు బిగించే బుల్ బార్లను కేంద్రం 2017 డిసెంబరులోనే తీయించమంది. పాదచారికి తగిలితే ప్రాణాంతకం, పైగా గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు. అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దని 2012 నుంచి ఉంది. ఎల్ఈడీ బార్ పెట్టుకున్నా రోడ్డు మీద కవర్ వేసి ఉంచండి, ఎదుటివాడి కళ్లలో కొట్టే హక్కు ఎవరికీ లేదు.

ఏది పెట్టించినా ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే మెయిల్ చేసి, పాలసీలో రాయించండి. చెప్పకపోతే ఆ సామానుకు పైసా రాదు, మొత్తం క్లెయిమే చిక్కుల్లో పడొచ్చు. వైరు కోసి అతికే పనికి ఒప్పుకోవద్దు. కప్లర్, రిలే, ఫ్యూజు ఉన్న హార్నెస్ (రెడీమేడ్ వైర్ల కట్ట) తెచ్చి బిగించమనండి. ఇన్సులేషన్ టేపు చుట్టి "ఏం కాదన్నా" అనే చోటి నుంచి బండి తీసుకుని వచ్చేయండి, వారంటీ పోయేది అక్కడే, ఎండాకాలంలో పొగ వచ్చేది కూడా అక్కడే.

మట్టి దారి నుంచి తిరిగొచ్చాక

రిమ్ముల లోపలి వైపు ఎండిన బురద గడ్డ కడితే 80 దగ్గర స్టీరింగ్ వణుకుతుంది, చాలామంది అలైన్‌మెంట్‌కు డబ్బులు తగలేస్తారు. ముందు లోపల కడిగించండి, తగ్గకపోతే అప్పుడు వెళ్లండి. ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపాక ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంటుంది, అది నిశ్శబ్దంగా మైలేజీ తినేస్తుంది. ఇరుసు మునిగేంత నీళ్లలో దిగితే డిఫరెన్షియల్ ఆయిల్ చూపించండి, పాలు కలిపిన టీ రంగులోకి మారితే వెంటనే మార్పించాలి. క్వారీలు, క్రషర్ల దుమ్ములో తిరిగితే ఎయిర్ ఫిల్టర్ సర్వీసు టైము దాకా ఆగకుండా విప్పి చూసుకోండి.

విప్పిన కంపెనీ టైర్లు, స్ప్రింగులు, బంపర్, హెడ్‌లైట్లు ఏవీ షాపువాడికి పాత సామాను కింద వదిలేయకండి. గోనెసంచిలో కట్టి, పేరు రాసి అటక మీద పెట్టండి. వారంటీ గొడవ వచ్చినా, రేపు బండి అమ్మాలన్నా కొనేవాడు మొదట అడిగేది అవే.